ఒక్క చందా, ఎన్నో రింగులు: ఐడబ్ల్యూటీవీ గురించి గుంటూరు మైక్‌సెట్ మనిషి మాట

ముందే చెప్పేస్తాను, ఇంటర్నెట్‌లో చిన్న కంపెనీల రెజ్లింగ్ షోలు చూపించే చానల్ ఐడబ్ల్యూటీవీకి డబ్బు కట్టొచ్చు. అయితే కుస్తీ అంటే జాన్ సీనా, అండర్‌టేకర్ దగ్గరే ఆగిపోయినవాళ్లు కట్టే ముందు ఇది చదవండి. ఇందులో వాళ్లు కనపడరు. స్టేడియం నిండా జనం, ఆకాశానికి లేచే బాణసంచా కూడా ఉండవు. ఒక హాలు, మధ్యలో రింగు, చుట్టూ కుర్చీల్లో కొన్ని వందల మంది, ఆ కాసిని వందల మంది కోసం ఒళ్లు విరుచుకుని ఆడే మనుషులు. ఉండేదల్లా ఇదే.

పూర్తి పేరు ఇండిపెండెంట్ రెజ్లింగ్ టీవీ. 2017లో పవర్‌బాంబ్ టీవీ అని మొదలుపెట్టి తర్వాత పేరు మార్చారు. అమెరికాలో పెద్ద కంపెనీల నీడన కాకుండా సొంతంగా నడిచే చిన్న రెజ్లింగ్ కంపెనీల షోలు ఇందులో వస్తాయి. కొన్ని లైవ్‌గా, మిగతావి రికార్డులుగా. నేను చూసినవాటిలో మాసాచుసెట్స్ వైపు బియాండ్ రెజ్లింగ్, మెయిన్ రాష్ట్రంలో లిమిట్‌లెస్, జార్జియాలో యాక్షన్ రెజ్లింగ్, శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెస్ట్ కోస్ట్ ప్రో ఉన్నాయి. ఎవరి జెండా వాళ్లది, ఎవరి ఛాంపియన్ బెల్టులు వాళ్లవి. నెలకి పది డాలర్ల లెక్కన కడుతున్నాను, మన డబ్బుల్లో ఎనిమిది వందల యాభై దాటుతుంది. కార్డుతో కట్టేవాళ్లు ముందు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకోవాలి. మన కార్డులకి అది మామూలుగా ఆపేసి ఉంటుంది.

నాది గుంటూరులో మైక్‌సెట్ షాపు. పెళ్లిళ్లు, సభలు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల, వేసవిలో పల్లెల్లో నాటకాలు, వీటితోనే మా ఇల్లు నడుస్తుంది. అందుకే ఈ షోలు చూసేటప్పుడు నాకు ముందు చెవి పనిచేస్తుంది, తర్వాతే కన్ను. రెజ్లింగ్ రింగు ఎలా ఉంటుందో తెలుసా? పైన గుడ్డ, దాని కింద పలచటి మెత్త, మెత్త కింద చెక్క, చెక్క కింద ఇనప ఫ్రేము. మనిషి వెల్లకిలా పడగానే ఆ చెక్క మోగాలి. ఆ మోత, దాని వెంటనే జనం నోటి నుంచి వచ్చే "అబ్బా", ఈ రెండూ మైకులో సరిగ్గా పడితే ఆట సగం గెలిచినట్టే. బియాండ్ వాళ్ల షోల్లో ఇది చక్కగా పడుతుంది. చిన్న హాలు, ఎత్తు తక్కువ కప్పు, జనం రింగుకి ఆనుకునే ఉంటారు. ఒక్కొక్కరి కేక విడిగా వినపడుతుంది. ఇంకో కంపెనీ షో ఒకటి చూశాను, పేరెందుకులెండి, అనౌన్సర్ మైకు మొదటి నుంచి చివరి దాకా కూతపెడుతూనే ఉంది. బాక్సులు మైకు వెనక్కి కాకుండా ముందుకి జరిపి పెడితే పోయే బాధ అది. చిన్న కంపెనీల దగ్గర ఇలాంటి తేడాలు షోకీ షోకీ ఉంటాయి, వాటికి సిద్ధపడే చూడాలి.

ఇక అసలు సంగతి, నేను ఈ చందా మానకపోవడానికి కారణం, ఒక బెల్టు. ఈ చానల్‌కి సొంతంగా ఒక ఛాంపియన్‌షిప్ ఉంది. 2017లో పెట్టారు, జోనథన్ గ్రెషమ్ మొదటి ఛాంపియన్. ఆ బెల్టు ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఛాంపియన్ దాన్ని భుజాన వేసుకుని ఈ వారం ఒక కంపెనీ రింగులో, వచ్చే వారం మరో కంపెనీ రింగులో ఆడతాడు. ప్రతి చోటా ఆ ఊరి మొనగాడు ఎదురు నిలబడతాడు. ఊరి జనం మావాడే గెలవాలని అరుస్తారు. ఆరెంజ్ కాసిడీ, వార్‌హార్స్ ఇద్దరూ ఆ బెల్టు మోసినవాళ్లే. వార్‌హార్స్ 2020 జులైలో పెద్ద టీవీకి ఎక్కి ఏఈడబ్ల్యూ అనే పెద్ద కంపెనీలో, అక్కడి స్టార్ కోడీ రోడ్స్‌తో తలపడ్డాడు. చిన్న హాళ్లలో తిరిగి తిరిగి సంపాదించుకున్న పేరు అతన్ని అక్కడిదాకా తీసుకెళ్లింది. ఈ కంపెనీలు ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా ఉంటే ఆ బెల్టుకి విలువ ఎక్కడిది? అన్నీ కలిసిపోయి ఒకే కంపెనీ అయిపోయినా విలువ ఉండదు. పరాయి ఊరికి వెళ్లి గెలిచి రావాలంటే అది పరాయి ఊరిగా ఉండాలి కదా.

మా మేనల్లుడు విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని ఒక షో చూసి, "మావయ్యా, ఎవరు గెలవాలో ముందే అనుకుని కొట్టుకుంటారు కదా, ఇంకా ఈ కంపెనీకీ ఆ కంపెనీకీ పోటీ ఏంటి?" అన్నాడు.

"నాటకం కూడా రాసుకునే ఆడతారు కదరా. మరి ముగ్గురు కృష్ణులకీ పోటీ లేదా?" అన్నాను.

వాడికి తెలియదు, ఈ కాలం పిల్లలకి చాలామందికి తెలియదు. మా వైపు పౌరాణిక నాటకం కాంట్రాక్టుకి ఒప్పుకుంటే ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు వస్తారు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకాయన. ఒకాయన తెనాలి నుంచి, ఒకాయన ఇంకో ఊరి సమాజం నుంచి. కథ అందరికీ తెలిసిందే, పద్యాలూ తెలిసినవే. అయినా మొదటి కృష్ణుడు రాగం ఎంతసేపు పట్టాడో రెండో కృష్ణుడు తెర వెనక చెవి ఒగ్గి వింటాడు. తన వంతు రాగానే అంతకంటే ఒక వరస ఎక్కువ లాగుతాడు. జనం "వన్స్ మోర్" అని కేకలు పెడతారు. తెల్లారాక ముగ్గురూ ఒకే అద్దం ముందు రంగు తుడుచుకుని ఒకే కారులో ఇళ్లకి వెళతారు. మైకు దగ్గర కూర్చుని నేను ఇది కళ్లారా చూసినవాణ్ణి. ఆ పోటీ ఉత్తుత్తిది కాదు. ఫలితం ముందే తెలిసిన చోట పోటీ పనితనంలో ఉంటుంది. ఎవరి ఆటకి జనం లేచి నిలబడ్డారు, ఎవరి పేరు చెప్పుకుంటూ ఇంటికి వెళ్లారు అన్నదే లెక్క. చిన్న రెజ్లింగ్ కంపెనీల మధ్య జరిగేదీ ఇదే. ఆటగాళ్లలో చాలామందికి ఒకే కంపెనీతో కట్టుబాటు ఉండదు. శుక్రవారం ఒకచోట, శనివారం ఇంకోచోట ఆడి షోకి ఇంతని తీసుకుంటారు. అందుకని కంపెనీలు ఒకరి తేదీలు ఒకరు చూసుకోవాలి, ఒకరి ఆటగాణ్ణి ఒకరు పాడుచేయకూడదు.

కలిసి ఉండటం అన్నిసార్లూ మంచికే అనుకోవద్దు. ఈ ఆట చరిత్రలో అతి పెద్ద స్నేహం ఒక కంచె. 1948లో అయోవా రాష్ట్రం వాటర్లూలో కొందరు ప్రమోటర్లు కూర్చుని నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ కట్టారు. ఎన్‌డబ్ల్యూఏ అంటారు. దేశాన్ని ఏరియాలుగా పంచుకున్నారు. ఒకడి ఏరియాలోకి ఇంకొకడు రాకూడదు, అందరికీ కలిపి ఒక్కడే ప్రపంచ ఛాంపియన్, వాడు అన్ని ఊళ్లూ తిరుగుతాడు. లూ థెజ్ లాంటి మహామల్లుడు అలా తిరిగినవాడే. వినడానికి ఐడబ్ల్యూటీవీ బెల్టులాగే ఉంది. కానీ ఆ పద్ధతిలో బయటి ప్రమోటర్ లోపలికి రాలేడు, మాట వినని ఆటగాడికి ఎక్కడా పని దొరకదు. చివరికి అమెరికా న్యాయశాఖ గుత్తాధిపత్యం కింద పట్టుకుంది, 1956లో ఎన్‌డబ్ల్యూఏ ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి ఆ పద్ధతులు మానుకుంటామని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడి బెల్టు తిరిగేది అలాంటి కంచె లేని నేల మీద. తేడా అదే, నా దృష్టిలో అదే అన్నిటికంటే పెద్ద తేడా.

ఆ ఎన్‌డబ్ల్యూఏ పాతబడ్డాక జరిగిన సంఘటన రెజ్లింగ్ అభిమానులంతా చెప్పుకుంటారు. 1994 ఆగస్టు 27న ఫిలడెల్ఫియాలో షేన్ డగ్లస్ ఎన్‌డబ్ల్యూఏ ప్రపంచ బెల్టు గెలిచి, గెలిచిన రింగులోనే దాన్ని నేలకేసి కొట్టాడు. ఆతిథ్యం ఇచ్చిన కంపెనీ ఈస్టర్న్ ఛాంపియన్‌షిప్ రెజ్లింగ్ ఆ దెబ్బతో ఎక్స్‌ట్రీమ్ ఛాంపియన్‌షిప్ రెజ్లింగ్ అయింది. మనవాళ్లు ఈసీడబ్ల్యూ అని చెప్పుకునేది దాన్నే. సాహసం అన్నారు చాలామంది. నేను మాత్రం నమ్మి బెల్టు పంపినవాళ్ల వైపు నుంచి కూడా చూస్తాను. పెళ్లికని అరువిచ్చిన మిక్సర్‌ని పగలగొడితే నాకు కోపం రాదా?

అదే 1994లో, ఏప్రిల్ 16న, జపాన్‌లో దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న పని జరిగింది. న్యూ జపాన్ కంపెనీ పెద్దది. దాని స్టార్ జుషిన్ లైగర్ చిన్న కంపెనీల కుర్రాళ్లని పిలిచి సూపర్ జె-కప్ అని టోర్నమెంటు పెట్టించాడు. సెమీఫైనల్లో తాను మిచినోకు ప్రో అనే చిన్న కంపెనీ కుర్రాడు గ్రేట్ ససుకే చేతిలో ఓడిపోయాడు. పెద్ద కంపెనీ స్టార్ తన హాల్లో, తన జనం ముందు అవతలివాణ్ణి ఇలా ఎత్తి చూపాడు. ఆ ఓటమి నాకు ఎన్నో గెలుపుల కంటే గొప్పగా కనపడుతుంది.

పోటీ, సాయం రెండూ ఒకే కథలో కలిసిన చోటు మాత్రం 2006 ఫిలడెల్ఫియా. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. అక్కడ రెండు కంపెనీలు. ఒకటి రింగ్ ఆఫ్ ఆనర్, 2002 ఫిబ్రవరి 23న మొదటి షో పెట్టింది. ఆటకి ముందు చేయి కలపాలి, ఆట తర్వాత చేయి కలపాలి, పట్లు శుభ్రంగా వేయాలి. అది వాళ్ల మర్యాద. రెండోది కాంబాట్ జోన్ రెజ్లింగ్, పొట్టిగా సీజడ్‌డబ్ల్యూ, 1999లో జాన్ జాండిగ్ పెట్టాడు. ట్యూబ్‌లైట్లు, ముళ్లతీగ, గాజు, నెత్తురు. సీజడ్‌డబ్ల్యూ అభిమానులు రింగ్ ఆఫ్ ఆనర్ వాళ్లని మెతక మనుషులనేవాళ్లు, రింగ్ ఆఫ్ ఆనర్ అభిమానులు సీజడ్‌డబ్ల్యూ వాళ్లని చెత్త అనేవాళ్లు. తిట్లు నిజం. కంపెనీలు చేసిన తెలివైన పని ఏమిటంటే ఆ తిట్లని కథగా మార్చడం. సీజడ్‌డబ్ల్యూ వైపు నుంచి క్రిస్ హీరో వచ్చి రింగ్ ఆఫ్ ఆనర్ ఛాంపియన్ బ్రయన్ డానియల్సన్‌ని కవ్వించాడు. ఈ డానియల్సనే తర్వాత మనవాళ్లు టీవీలో చూసిన డానియల్ బ్రయన్. జనవరిలో ఇద్దరూ తలపడ్డారు. ఏప్రిల్ 22న రింగ్ ఆఫ్ ఆనర్ నూరో షోలో ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. సొంత ఇంట్లోనే రింగ్ ఆఫ్ ఆనర్ ఓడిపోయింది. తమవాడనుకున్న క్లాడియో కాస్టగ్నోలీ ఆ రాత్రి అవతలి పక్షానికి దూకాడు. హాల్లో జనం రెండు ముక్కలుగా చీలి ఒకరిమీద ఒకరు అరుచుకుంటుంటే కామెంటరీ వినాల్సిన అవసరమే రాలేదు.

జులై 15న ఆఖరి పోరు, ఇనప పంజరంలో ఐదుగురు ఐదుగురు. రింగ్ ఆఫ్ ఆనర్ తరఫున ఆడే సమోవా జో పక్షానికి తోడుగా డానియల్సన్ వస్తాడు, వచ్చి జోనే కొట్టి వెళ్లిపోతాడు. వాళ్లిద్దరికీ పాత పగ ఉంది, కంపెనీ గౌరవం కంటే అది పెద్దదైపోయింది. మనిషి తగ్గిన రింగ్ ఆఫ్ ఆనర్ పక్షాన హోమిసైడ్ అనే ఆటగాడు వచ్చి పందెం నిలబెడతాడు. ఈ కథ నడిచినంత కాలం రెండు కంపెనీలూ మాట్లాడుకునే నడిపాయి. ఏ ఒక్కరూ నా మనిషి ఓడకూడదని మొండికేసినా ఏప్రిల్ షో ఉండేది కాదు, ఏప్రిల్ లేకపోతే జులై లేదు.

దాని తర్వాత ముక్క కూడా వినండి. ఆ పంజరంలో సీజడ్‌డబ్ల్యూ తరఫున నిలబడ్డవాళ్లలో క్లాడియో ఒకడు, ఎడ్డీ కింగ్‌స్టన్ ఒకడు. క్లాడియో తర్వాత సెజారో పేరుతో జాన్ సీనా ఆడిన పెద్ద కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలో చాలా ఏళ్లు ఆడాడు. బయటికొచ్చాక 2022 జులై 23న రింగ్ ఆఫ్ ఆనర్ ప్రపంచ బెల్టు గెలిచాడు. ఎవరి మీద? జోనథన్ గ్రెషమ్ మీద. ఐడబ్ల్యూటీవీ బెల్టుకి మొదటి ఛాంపియన్ అని పైన చెప్పానే, ఆయన మీదే. 2023 సెప్టెంబరు 20న అదే బెల్టుని క్లాడియో దగ్గర్నుంచి ఎడ్డీ కింగ్‌స్టన్ గెలుచుకున్నాడు. ఒకప్పుడు ఆ కంపెనీని కూల్చడానికి వచ్చిన ఇద్దరు, పదిహేడేళ్ల తర్వాత ఆ కంపెనీ బెల్టు కోసం ఒకరితో ఒకరు తలపడ్డారు. చిన్న కంపెనీలని వరసగా చూసుకుంటూ వస్తే దొరికే ఆనందం ఇది. పెద్ద టీవీ మాత్రమే చూసేవాళ్లకి ఈ బంధుత్వాలు కనపడవు.

ఇక ఐడబ్ల్యూటీవీలో దొరకనివి. రింగ్ ఆఫ్ ఆనర్‌కి సొంతంగా ఆనర్‌క్లబ్ అనే చానల్ ఉంది, దానికి వేరే చందా. గేమ్ ఛేంజర్ రెజ్లింగ్ షోలకి ఇప్పుడు ట్రిల్లర్ టీవీ అంటున్న పాత ఫైట్ టీవీకి వెళ్లాలి. ఈ గేమ్ ఛేంజర్ వాళ్లు, డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా పెట్టే అతి పెద్ద షో రెజిల్‌మేనియా జరిగే వారంలో కలెక్టివ్ అని పెడతారు. ఒకే హాలు, ఒకే రింగు, ఒకే లైటింగు, ఒకే కెమెరాలు, వాటి మీద ఒకదాని తర్వాత ఒకటి వేర్వేరు కంపెనీల షోలు. 2020లో ఏప్రిల్లో ఆగిపోతే అక్టోబరులో ఇండియానాపోలిస్‌లో జరిపించారు. సామాను ఎక్కించి దించి బిగించడంలో ఎంత డబ్బు పోతుందో నాకు తెలుసు కాబట్టి, ఇది ఎంత పెద్ద సాయమో నేను చెప్పగలను. సొంతంగా పోతే ఆ వారంలో హాలు అద్దె కూడా కట్టలేని కంపెనీలు ఆ పందిరి కింద నిలబడ్డాయి.

పెద్దవాళ్లతో పొత్తు మాత్రం వేరు. ఇవాల్వ్ అనే చిన్న కంపెనీ 2010లో మొదలైంది. డబ్ల్యూడబ్ల్యూఈతో స్నేహం పెంచుకుంది. 2019 జులైలో పదేళ్ల పండగ షో డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌వర్క్‌లోనే వచ్చింది. మరుసటి ఏడాది కంపెనీనే డబ్ల్యూడబ్ల్యూఈ కొనేసింది. పొత్తులో ఇద్దరి బరువూ దగ్గరగా ఉండాలి. అందుకే నాకు పది చిన్న కంపెనీలు ఒక చానల్లో కలవడం నచ్చుతుంది, ఒక చిన్నది ఒక పెద్దదాని చేయి పట్టుకోవడం చూస్తే భయం వేస్తుంది.

చూసే వేళల గురించి. బియాండ్ వాళ్లు 2022 జనవరి నుంచి రెజ్లింగ్ ఓపెన్ అని గురువారం రాత్రుళ్లు మాసాచుసెట్స్ వూస్టర్‌లో వారం వారం షో పెట్టడం మొదలుపెట్టారు. అక్కడ రాత్రి ఎనిమిదంటే మనకి శుక్రవారం తెల్లవారుజాము ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. నాకు ఇది బాగా కుదిరింది. షాపు షట్టరు సగం ఎత్తి, టీ తెప్పించుకుని, వైర్లు చుట్టుకుంటూ చూస్తాను. ఇదే బియాండ్ 2009లో ఎలా మొదలైందో తెలిస్తే ఇంకా ఇష్టం కలుగుతుంది. మొదట్లో టిక్కెట్టు కొన్న జనమే లేరు. ఆటగాళ్లే రింగు చుట్టూ నిలబడి తోటి ఆటగాళ్ల ఆట చూసేవాళ్లు, దాన్ని వీడియో తీసి పెట్టేవాళ్లు. పనివాడి పని సాటి పనివాడికి నచ్చితే చాలన్నట్టు.

పిల్లలున్న ఇళ్లవాళ్లు జాగ్రత్త. కొన్ని కంపెనీల ఆటలో నెత్తురు నిజంగా కారుతుంది. షో పేరు చూసి, కంపెనీ ఏదో చూసి పెట్టండి. కామెంటరీ అంతా ఇంగ్లీషే, అదీ అమెరికా యాసలో, గబగబా. అలవాటు పడాలి. పాత షోల గుట్ట ఎంత పెద్దదంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. నా సలహా ఇది: మొదటి నెల కంపెనీలని వదిలేసి చానల్ సొంత బెల్టు ఆటలు మాత్రమే వరసగా చూడండి. బెల్టు ఏ ఊరికి వెళితే మీరూ ఆ ఊరికి వెళ్లండి. అందులో ఏ హాలు, ఏ జనం మీకు నచ్చిందో ఆ కంపెనీని రెండో నెలలో పట్టుకోండి. నచ్చకపోతే నెల కాగానే చందా ఆపేయండి.

ఇంకో మాట. గుంటూరు, విజయవాడ, తెనాలి వైపు కుర్రాళ్లలో రెజ్లింగ్ మీద ప్రేమ ఉండి, గొంతు బాగుండి, తెలుగులో కామెంటరీ చెప్పాలనే సరదా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే శుక్రవారం పొద్దున్నే మా షాపుకి రండి. టీవీ సౌండు తగ్గించి మీరు చెప్పండి, మనవాళ్లం నలుగురం కూర్చుని వింటాం. మైకు, మిక్సరు నేనిస్తాను.